బెల్లం కొట్టిన రాళ్లు

"గుహ చూసొద్దామని పోతున్నం" అని చెప్పగానే మా ఎదురింటాయన పేపరు దించి కళ్లద్దాల మీది నుంచి నన్ను ఎగాదిగా చూశాడు. "పైసలు పెట్టి బొక్కలకు జొర్రుడేంది సారూ? అంత సోకుంటే ఆర్మూర్ పోరాదు. సిద్దుల గుట్ట మీద గుహ లేదా? టికెట్ లేదు, మీదికెల్లి పుణ్యం."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆర్మూర్ నవనాథ సిద్ధుల గుట్ట మీద నల్లరాళ్లు ఎవరో బండి బోర్లించినట్టు ఒకదాని మీదొకటి పడి ఉంటాయి. ఆ సందుల్లోంచి ఒంగి పోతే శివుడు కనిపిస్తాడు. చిన్నప్పుడు ఆ సందుల్లో మోకాళ్లు గీరుకున్నవాణ్నే నేను. కానీ శాస్త్రం ఒప్పుకోదు. అవి రాళ్ల మధ్య ఖాళీలు. అసలు గుహ అంటే నీళ్లు తొలిచింది. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని రవ్వంత పులుపెక్కుతుంది. సున్నపురాయి పగుళ్లలోకి దిగి లక్షల ఏళ్లు నాకి నాకి దాన్ని డొల్ల చేస్తుంది. మా నిజామాబాద్ జిల్లాలో చాలా మేర గ్రానైటు, పడమటి నల్లరేగడి కింద బసాల్టు. నీళ్లకు లొంగే రకాలు కావు. కరగని రాళ్లకు మాకు కొదవ లేదు. కొన్నింటికి మేమే ఓట్లేసి, దండలేసి, హైదరాబాద్ పంపాం.

అందుకే కరిగే రాయి ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూద్దామని నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు బయల్దేరాం. తోడు మా బావ. జిల్లాలోనే ఒక చక్కెర మిల్లులో ముప్పై ఏళ్లు రసం కాచి రిటైరయ్యాడు. ఏ మిల్లని అడక్కండి, మూతబడ్డవాటిలో ఒకటి అనుకోండి, సరిపోతుంది. నిజామాబాద్ నుంచి తిరుపతి పోయే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ మా ఊరివాళ్లకు మొక్కుల బండి. బోగీ అంతా గుండు కొట్టించుకోవడానికి పోయేవాళ్లే. మేమిద్దరం మాత్రం నడిరాత్రి దాటాక తాడిపత్రిలో దిగిపోయాం. "గిన్ని పైసలు పెట్టి తిరుపతి దాక పోక నడుమల దిగుడేంది" అని ఎదురు సీటు ముసలమ్మ మమ్మల్ని చూసి జాలిపడింది. ఆమెకు మేం చెప్పలేదు, గుండు కొట్టించుకోవడానికి తిరుపతి దాకా పోవాల్సిన అవసరం మా బోధన్‌వాళ్లకు లేదని.

తెల్లారాక ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, దారి పొడవునా నాపరాళ్ల గుట్టలు, సిమెంటు లారీల దుమ్ము చూసుకుంటూ ఓ ముప్పై కిలోమీటర్లు పోయాం. ఆ చుట్టుపక్కల సున్నపురాయిది విచిత్రమైన జాతకం. ఒక చోట పుట్టింది సిమెంటు బస్తాలోకి పోతుంది, ఒక చోటిది మన వంటింటి గట్టు అవుతుంది, లోపల డొల్లగా ఉన్నది మాత్రం పర్యాటక కేంద్రం అవుతుంది. డొల్లతనానికి ఇంత గిరాకీ ఉందని నాకు అక్కడే తెలిసింది.

బెలుం గుహకు కొండ లేదు. చదునైన చేలల్లో నడుస్తూ పోతుంటే నేలలో బావిలాంటి గుంత ఉంటుంది, అదే ద్వారం. 'బిలం' అన్న మాటే అరిగి బెలుం అయిందంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర, మన దేశంలో పాతరాతియుగపు పనిముట్లను మొదట గుర్తించినాయనే, ఈ గుహ గురించి రాసి పెట్టాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబౌవర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపల పాకి, కొలిచి, పటం గీశాడు. మొత్తం 3,229 మీటర్లు. అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా మనల్ని పోనిస్తారు. మన నేల కింద ఏముందో తెలుసుకోవడానికి మనకు ఒక ఇంగ్లీషాయన, ఒక జర్మనీ ఆయన కావలసి వచ్చారు. మన నేల మీద ఏం పోయిందో తెలుసుకోవడానికి ఏ దేశస్థుణ్ని పిలవాలో ఇంకా తేలలేదు.

లోపలికి దిగగానే చెమట. గుహ అంటే చల్లగా ఉంటుందనుకున్న నాకు మే నెలలో సిటీ బస్సు ఎక్కినట్టయింది. గాలి కోసం గొట్టాలు వేశారు. దారి కొన్నిచోట్ల మూడు లారీలు పట్టేంత వెడల్పు, కొన్నిచోట్ల నడుం రెండుగా మడవాల్సినంత ఇరుకు. ఎత్తయినవాళ్ల నెత్తిన గుహ తన గుర్తు వేసి పంపుతుంది. గోడల మీద మనవాళ్లు తమ గుర్తులు వేశారు: ఒక పేరు, ఒక బాణం దిగిన గుండె, ఇంకో పేరు. నీటి బొట్టు లక్షల ఏళ్లకు చేసిన పనిని ఒక మేకుతో రెండు నిమిషాల్లో దిద్దడం మన జాతికి వెన్నతో పెట్టిన విద్య.

పేర్ల విషయంలో మాత్రం మనల్ని మించినవాళ్లు లేరు. సింహం తలలా ఉన్నది సింహద్వారం. పైనుంచి ఊడలు దిగింది మర్రిచెట్టు. పాము పడగల్లా పరుచుకున్నది వేయి పడగలు, విశ్వనాథవారి నవలంత లావు లేదు గానీ దానంత చిక్కగానే ఉంది. బొడిపెలు బొడిపెలుగా ఉన్నది కోటిలింగాలు. ఒక మూల రాతి పడక, రాతి దిండు, దాని పేరు ధ్యాన మందిరం. అన్నిటికన్నా కింద, దాదాపు 150 అడుగుల లోతున పాతాళగంగ. చిన్న ఊట ఒకటి గలగలమంటూ వచ్చి చీకట్లోకి మాయమవుతుంది. రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊరి బావిలో తేలుతుందని నమ్మకం.

జనమంతా అక్కడక్కడా ఆగి దండం పెడుతుంటే మా బావ మాత్రం ఒక స్తంభం దగ్గర ఆగి, గోరుతో గీకి, వేలు వాసన చూశాడు.

"బామ్మర్దీ, ఇది స్కేలు."

"ఏం స్కేలు బావా?"

"మా ఎవాపరేటర్ల గొట్టాలకు పట్టేది. గిదే."

ఆయన చెప్పింది తర్వాత నెమ్మదిగా బుర్రకెక్కింది. చెరుకు గడను నలగ్గొడితే వచ్చే రసం చూడ్డానికి మురికి కాలువ నీళ్లలా ఉంటుంది. దాన్ని వేడిచేసి సున్నపు పాలు కలుపుతారు, గంధకం పొగ పట్టిస్తారు. అప్పుడు మడ్డి అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. ఊళ్లో బెల్లం వండే పెద్దమనిషి బాణలిలో చిటికెడు సున్నం వేసేదీ ఇందుకే. మనం తాగే చాయ్‌లో ప్రతి చెంచా చక్కెర వెనకా సున్నపురాయి ఉంది. అయితే రసంలో మిగిలిన సున్నం ఊరికే పోదు. రసాన్ని చిక్కబరిచే ఎవాపరేటర్లలో ఇత్తడి గొట్టాల లోపల పొరలు పొరలుగా పేరుకుంటుంది. పొర మందమైతే ఆవిరి వేడి రసానికి అందదు. అప్పుడు క్రషింగ్ ఆపి, కాస్టిక్ పోసి మరిగించి, బ్రష్షులు దూర్చి గొట్టం గొట్టం గీకాలి. మా బావ ముప్పై సీజన్లు ఆ పని చేయించాడు, చేశాడు. చేతుల మీద కాస్టిక్ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

"మేం గీకి పెంటకుప్పల పోసినం. వీళ్లు లైట్లు పెట్టి టికెట్ కొట్టిన్రు" అన్నాడు బావ. ఆయన గొంతులో ఎగతాళి లేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. ఊడ ఒక సెంటీమీటరు పెరగడానికి వందేళ్లు అటూ ఇటూ పడుతుందని చెబితే కొట్టిపారేశాడు. "మాకైతే ఇరవై రోజులకే పట్టేది. వీళ్ల గుహ ఆలస్యం."

తర్వాత సప్తస్వరాల గుహ. పైనుంచి దిగిన రాతి ఊడలను కట్టెతోనో వేలి కణుపుతోనో తడితే ఒక్కోటి ఒక్కో శబ్దం చేస్తుంది. ఒకటి గంటలా, ఒకటి డప్పులా. నాకు గుహ మొత్తంలో నచ్చింది అదొక్కటే. రాయి పలికింది! అడిగితే జవాబు చెప్పింది! మా దగ్గర బెల్లం కొట్టిన రాళ్లే. దశాబ్దాలుగా మా చెరుకు బెల్లం వాటి మీదే కొట్టాం, తీపంతా వాటికే అంటింది, ఎంత తట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బయటికొచ్చి చెట్టు కింద సోడా తాగుతుంటే ఈ గుహను పర్యాటకులకు తెరిచింది ఎప్పుడన్నది మాటల్లో వచ్చింది. 2002 ఫిబ్రవరి.

2002. సోడా గొంతులో అడ్డం పడింది.

ఎందుకంటే ఆ ఏడాదిని మా బోధన్‌లో ఇంకో సంగతితో గుర్తుపెట్టుకుంటారు. నిజాం ప్రభువు 1937లో శక్కర్ నగర్‌లో పెట్టించిన చక్కెర కర్మాగారంలో 51 శాతం వాటాను చంద్రబాబు సర్కారు ప్రైవేటు చేతికి ఇచ్చింది ఆ ఏడే. ఒకే ప్రభుత్వం, ఒకే సంవత్సరం. అప్పటి కర్నూలు జిల్లాలో బిలానికి తలుపులు తెరిచింది, నిజామాబాద్ జిల్లాలో కర్మాగారం చెయ్యి వదిలింది. వ్యాపారం చేయడం సర్కారు పని కాదన్నది అప్పటి మంత్రం. గుహకు టికెట్లు కొట్టడం వ్యాపారం కిందికి రాదు కాబోలు. ఏది సర్కారు చేతిలో ఉండాలి, ఏది ఉండకూడదు అన్నదానికి అప్పటి నియమం నాకు ఇప్పుడు అర్థమైంది: లోపల ఏమీ లేనిది ఉంచుకో, లోపల ఏదైనా ఉన్నది అమ్ముకో.

కొత్త తరానికి శక్కర్ నగర్ అంటే తెలియకపోవచ్చు, కొంచెం ఆగి చెప్పాలి. మంజీరపై నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. కాలువ నీళ్లు పారిన చోట చెరుకు లేచింది, చెరుకు లేచిన చోట ఫ్యాక్టరీ లేచింది, ఫ్యాక్టరీ చుట్టూ బడి, ఆస్పత్రి, క్వార్టర్లు, క్లబ్బు లేచాయి. ఆసియాలోనే అతి పెద్దదని మా పంతుళ్లు చెప్పేవారు, మేం పక్క జిల్లావాళ్లకు చెప్పేవాళ్లం. సీజన్ వచ్చిందంటే గేటు ముందు ఎడ్లబండ్లు, తర్వాత తర్వాత ట్రాక్టర్లు, బారులు. మేం పిల్లలం వెనక నుంచి గడ గుంజేవాళ్లం. బండాయన చర్నాకోల ఝళిపించేవాడు కానీ తగలనిచ్చేవాడు కాదు. సైరన్ మోగితే ఊరు గడియారాలు సరిచేసుకునేది. మొలాసిస్ వాసన కొత్తవాళ్లకు కడుపులో తిప్పేది, మాకు ఆకలయ్యేది. నిజాంసాగర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి: 29.7 టీఎంసీలకు కట్టిన జలాశయం పూడిక పేరుకుని 17.8కి దిగింది. బెలుంలో సున్నం పేరుకోవడానికి లక్షల ఏళ్లు పట్టింది. పేరుకుపోవడంలో మా జిల్లా వేగం వేరు.

ప్రైవేటు చేతికి పోయిన తర్వాతి కథ గుహలో దారిలా ఇరుకు. 2004లో సర్కారు మారింది, శాసనసభా సంఘం వేశారు, అది విచారించి నివేదిక ఇచ్చింది. 2014 ఎన్నికల్లో గులాబీ సభల నుంచి వంద రోజుల మాట వినిపించింది. తెలంగాణ వచ్చింది, వంద రోజులూ వచ్చి వెళ్లాయి. రైతులే సహకార సంఘం పెట్టుకుని నడుపుకుంటే బాగుంటుందన్న సలహా వచ్చింది, మహారాష్ట్రలో ఎట్లా నడుపుతున్నారో చూసి రమ్మన్నారు. సహకారం ఎట్లా నడుస్తుందో చూడ్డానికి మహారాష్ట్ర ఎందుకు, నిజామాబాద్ పక్కనే సారంగపూర్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతబడి ఉంది కదా అని ఎవరూ అడిగినట్టు లేదు. 2015 డిసెంబర్ 23న లే ఆఫ్ నోటీసు గేటుకు అంటించారు. బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ దగ్గర మంబోజిపల్లి, మూడూ ఒక్కసారే. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆస్తులమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2023 ఎన్నికల్లో హస్తం పార్టీ తెరిపిస్తామంది, 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. గులాబీ, పసుపు, మూడు రంగులు, అందరూ ఆ గేటు ముందు ఫొటో దిగినవాళ్లే. ఆ తాళం ఒక్కటే ఏ ఫొటోలోనూ కదల్లేదు.

ఇంత చరిత్ర, ఇంత చీకటి, ఇంత ఖాళీ చేతిలో పెట్టుకుని మనం టికెట్ కొట్టకపోవడం నేరం. అందుకని పర్యాటక శాఖవారికి నా సవినయ ప్రతిపాదన: శక్కర్ నగర్ బిలాన్ని తక్షణం ప్రజలకు తెరవాలి. నడిపించడానికి తెరవమనడం లేదు, ఆ కోరికలు కోరే వయసు దాటిపోయింది. చూడ్డానికి తెరవమంటున్నాను. బెలుంకు పేర్లు పెట్టిన చేతులే ఇక్కడా పెట్టొచ్చు, కొత్తగా ఖర్చేం లేదు.

సింహద్వారం సిద్ధంగానే ఉంది. తాళాన్ని తాకొద్దని బోర్డు పెడితే చాలు. లోపలికి పోగానే కోటిలింగాలు: ఇన్నేళ్లుగా కలెక్టరేట్ ముందు, గేటు ముందు ఇచ్చిన వినతిపత్రాలు. ఒక్కోటి ఒక్కో లింగం, కదలదు, మెదలదు, పైన నీళ్లు చల్లితే చల్లగా ఉంటుంది. ఈ గదికి పక్కనే ఒక గూడు పసుపు రైతులకు కేటాయించాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం మా జిల్లా రైతులు 178 మంది నామినేషన్లు వేసి నిలబడితే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు, బూతుకు పన్నెండు మిషన్లు పేర్చాల్సి వచ్చింది. బల్లల మీద ఈవీఎంలు అట్లా బారుగా ఉండటం చూస్తే కోటిలింగాలు గుర్తురాక ఏం గుర్తొస్తుంది?

ధ్యాన మందిరంలో కమిటీలు ఉంటాయి. రాతి పడక, రాతి దిండు, కాకపోతే ఏసీ పెట్టించాలి. ఎంత గట్టిగా పిలిచినా ధ్యానభంగం కాదు కాబట్టి పర్యాటకులు మాట్లాడుకోవచ్చు. పాతాళగంగ కూడా ఉంది: నివేదిక అనే ఊట గలగలమంటూ వచ్చి చీకట్లోకి దిగిపోతుంది. బెలుంలో కనీసం రెండు కిలోమీటర్ల అవతల ఊరి బావిలో తేలుతుందన్న నమ్మకమైనా ఉంది. మనది ఏ బావిలోనూ తేలలేదు. వేయి పడగల గురించి మాత్రం హెచ్చరిక అవసరం. బెలుంలోవి రాతివి, ఇన్నేళ్లు తుప్పల్లో మూసిపెట్టిన షెడ్లలో నిజమైనవే ఎదురుపడొచ్చు.

ఇక సప్తస్వరాల గుహ మన బిలానికే మకుటం అవుతుంది. స అంటే సాధ్యాసాధ్యాల అధ్యయనం. రి అంటే రిపోర్టు. గ అంటే గడువు పెంపు. మ అంటే మంత్రివర్గ ఉపసంఘం. ప అంటే పరిశీలనలో ఉంది. ద అంటే దశలవారీగా. ని అంటే నిధుల్లేవు. ఎన్నికల ముందు ఆరోహణలో పాడతారు, వినడానికి ఎంత హాయిగా ఉంటుందో. గెలిచాక అవరోహణ. అది 'ని' దగ్గరే మొదలవుతుంది.

లాభసాటిగా ఉండదేమో అని ఆర్థిక శాఖ అనుమానించవచ్చు. ప్యాకేజీ పెట్టండి: బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి, త్రిబిల యాత్ర. ముగ్గురు కలిసి టికెట్ తీసుకుంటే సారంగపూర్ ఉచితం. చెరుకు రసం బండ్లవాళ్లకు లోపల చోటివ్వండి, ఈ ప్రాంతంలో చెరుకు అనే పంట ఉండేదని పిల్లలకు తెలుస్తుంది. ఉన్న కొద్దిపాటి చెరుకును రైతులు కామారెడ్డి వైపుకో, సరిహద్దు దాటించి మహారాష్ట్రకో తోలుతున్నారు, చాలామంది ఎప్పుడో వరికి మళ్లారు. విద్యార్థులకు రాయితీ, మాజీ కార్మికులకు పూర్తి ఉచితం. గైడు ఉద్యోగాలు కూడా వాళ్లకే ఇవ్వాలి. ఏ గొట్టం ఎక్కడిదో వాళ్ల కంటే బాగా ఎవరు చెప్తారు? ఇన్ని ప్రభుత్వాలు ఉపాధి కల్పిస్తామన్న మాట ఈ రకంగానైనా నెగ్గుతుంది.

పురాణం కావాలంటే అదీ రెడీ. బోధనే ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ని చంపింది ఇక్కడేనని మా ఊరివాళ్ల గట్టి నమ్మకం. చిన్నప్పుడు ఆ కథ వింటే భయమేసేది. ఇప్పుడు బకాసురుడి మీద కొంత గౌరవం కలుగుతోంది. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. రోజుకో ఇల్లు, ఇంటికో బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషి. వంతు వచ్చేదాకా మిగతావాళ్ల జోలికి రాడు. ఊరంతటినీ ఒకేరోజు నోటీసు అంటించి మింగే పద్ధతి రాక్షసులకు తెలియదు.

ప్రపంచంలో గుహల్ని మూసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఫ్రాన్సులో లాస్కో అని సున్నపురాతి గుహ ఉంది. వేల ఏళ్లనాటి ఎడ్లు, గుర్రాల బొమ్మలు గోడల మీద. జనం ఎగబడి చూస్తుంటే వాళ్ల ఊపిరికే బొమ్మలు పాడవుతున్నాయని గమనించి 1963లో మూసేశారు. మూసి ఊరుకోలేదు. అచ్చం అట్లాంటిదే నకలు గుహ పక్కనే కట్టి 1983లో తెరిచారు. జనం ఇప్పుడు నకలు చూసి సంతోషంగా వెళ్తారు. మనవాళ్లు ఈ విద్యలో ఫ్రెంచివాళ్లను మించారు. నకలుకు కూడా ఖర్చు పెట్టకుండా, ప్రతి అయిదేళ్లకూ మాటలతోనే ఫ్యాక్టరీ కట్టి, క్రషింగ్ మొదలెట్టి, చిమ్నీలోంచి పొగ కూడా తెప్పిస్తున్నారు. సభ అయిపోయాక మైకువాడు అన్నీ విప్పుకుని ఆటోలో వేసుకుపోతాడు.

ఒక మాట వెక్కిరింత పక్కనపెట్టి చెప్పాలి. ఆ పాత మిషన్లు మళ్లీ తిరుగుతాయో లేదో నాకు తెలియదు. బావను అడిగితే చాలాసేపు పలకలేదు. "ఇన్నేండ్లు ఆపిన మిల్లు బామ్మర్దీ. రోలర్లు, గొట్టాలు, పాన్లు, ఏది చెయ్యిపెడ్తె అదే రాలుతది. కొత్తది పెట్టాలె, లేకుంటె లేదని చెప్పాలె." చెరుకు నీళ్లు తాగే పంట, ధర గిట్టాలి, మిల్లుకు చాలినంత గడ దొరకాలి. ఇవన్నీ లెక్కలేసి ఒక సర్కారు "ఇది ఇక నడవదు, కార్మికులకు ఇవ్వాల్సింది ఇంత, రైతుకు చూపే దారి ఇది" అని ధైర్యంగా చెప్పి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. నడపరు, నడవదని చెప్పరు. పాడెను ఇంట్లోనే ఉంచి ప్రతి ఎన్నికకూ ఒక డాక్టర్ని తీసుకొచ్చి నాడి చూపిస్తున్నారు. డాక్టరు గంభీరంగా తలూపి ఫీజు తీసుకుని పోతాడు. ఫీజు మాత్రం మనం వేలికి సిరా పూసుకుని చెల్లిస్తాం.

తిరుగు ప్రయాణంలో బావ జేబులోంచి ఏదో తీసి చూపించాడు. కంగారుపడ్డాను, గుహలోంచి రాయి విరిచి తెచ్చాడేమోనని. కాదు. బొటనవేలంత తెల్లటి పెంకు, లోపలి వైపు గొట్టం వంపు. ఆయన చివరి సీజన్‌లో గీకిన స్కేలు ముక్క. ఇన్నేళ్లుగా పర్సులో చిల్లర అరలో పెట్టుకు తిరుగుతున్నాడట. గుహలోని దానితో పోల్చి చూడ్డానికే నాతో వచ్చాడట.

"రెండూ ఒక్కటే" అన్నాడు. "దానికి టికెట్ ఉంది."

నిజామాబాద్ స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే ఎదురింటాయన మార్కెట్‌కు పోతూ బండి ఆపాడు. "ఏం సారూ, ఏముంది ఆ బొక్కల?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "నే చెప్పలే?" అని సంబరపడి పోయాడు.

ఏమీ లేనిమాట నిజమే. కానీ బెలుంలో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం గేటు మూస్తారు, పొద్దున్నే మళ్లీ తెరుస్తారు. శక్కర్ నగర్ గేటు 2015 డిసెంబర్ 23న మూశారు.